అన్నీ అమర్చిన గూర్ఖా అమ్మాలి: విడివిడిగా అమ్మాలా, ఉన్నది ఉన్నట్టు ఇచ్చేయాలా?

కావలి_గూర్ఖా:

అందరికీ నమస్కారం. మాది కావలి. నా దగ్గర 2022లో కొన్న ఫోర్స్ గూర్ఖా జీపు ఉంది, మూడు తలుపుల మోడల్. మొదటి ఓనర్ని నేనే. రీడింగ్ 68 వేలు దాటింది. బండి దగ్గరే వండుకుని, బండి మీదే పడుకుని నెలల తరబడి తిరిగేలా దీన్ని తయారు చేసుకున్నాం. స్పితి, జంస్కార్, కచ్ రణ్, మేఘాలయ అన్నీ నేనూ మా ఆవిడా దీంట్లోనే చూశాం.

ఇప్పుడు అమ్మకు డయాలసిస్ మొదలైంది. వారానికి మూడుసార్లు నెల్లూరు తీసుకెళ్లి తీసుకురావాలి. ఈ బండి ఎత్తుకు ఆమె ఎక్కలేదు. ఆమెను వదిలి మేం దూరం వెళ్లేదీ లేదు. అందుకే దీన్ని అమ్మి, ఆమె సులువుగా ఎక్కి దిగే కారు ఒకటి కొందామనుకుంటున్నాం.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, నెల్లూరులో ఇద్దరు, ఒంగోలులో ఒకరు, పాత కార్ల వ్యాపారులు వచ్చి చూశారు. ముగ్గురిదీ ఒకటే మాట. "పైన టెంటు, లోపల చెక్కపని మాకెందుకు సార్, అవన్నీ తీసేసి తీసుకురండి, బండికి రేటు చెప్తాం" అన్నారు. ఒకాయన డ్రాయర్లు పీకే కూలీ కూడా నా రేటులోంచే కోస్తానన్నాడు. ఈ మోడల్ 2021లో వచ్చినప్పుడు షోరూం ధర 13.59 లక్షలు. దాని మీద నేను సామానుకు పెట్టింది ఐదున్నర లక్షల దాకా ఉంటుంది. దాన్ని వాళ్లు సున్నా కింద లెక్కేస్తుంటే మనసు ఒప్పుకోవడం లేదు.

ఉన్నవి చెప్తాను. పైన గట్టి మూత ఉన్న టెంటు, ఇద్దరికి సరిపోతుంది. ఆ మూత మీద 100 వాట్ల సోలార్ ప్యానెళ్లు రెండు. పక్కన నీడకు పందిరిలా విప్పుకునే గుడ్డ. లోపల 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, బండి నడిచేటప్పుడు ఇంజిన్ నుంచి దాన్ని ఛార్జ్ చేసే డీసీ ఛార్జర్, 45 లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్, 60 లీటర్ల నీళ్ల ట్యాంకు, చిన్న పంపు. ముందు బంపర్‌ మార్చి, ఇరుక్కున్న బండిని తాడు చుట్టి లాగే వించి పెట్టించాను. టైర్లలో గాలి కొట్టుకునే కంప్రెసర్, ఇసుకలో కూరుకుపోతే చక్రాల కింద వేసే పలకలు, లాగే తాడు ఉన్నాయి. ఇంజిన్‌కు గాలిని పైనుంచి పీల్చే గొట్టం స్నార్కెల్, రెండు వైపులా చక్రాలు కలిసి తిరిగేలా బిగించే ముందూ వెనకా డిఫరెన్షియల్ లాకులు కంపెనీవే.

డ్రాయర్ల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. కావలిలోనే మాకు తెలిసిన వడ్రంగి పెద్దాయన మెరైన్ ప్లైతో చేశాడు. పూర్తిగా బయటికి లాగినా కుంగదు. స్పితిలో గతుకుల మీద రోజంతా ఎగిరినా ఒక్క మేకు వదులు కాలేదు. డ్రైవర్ సీటు వెనక ఫ్యూజు బాక్సు ఉంటుంది. మూత తీస్తే ప్రతి ఫ్యూజు పక్కనా మా ఆవిడ తెలుగులో రాసి, పైన టేపు వేసి అంటించిన చీటీలు కనిపిస్తాయి: ఫ్రిజ్, నీళ్ల పంపు, వంట లైటు, టెంటు లైటు, ఫోన్లు. కొండ మీద అర్ధరాత్రి లైటు పోతే, టార్చి నోట్లో పెట్టుకుని ఆ చీటీలు చూసి రెండు నిమిషాల్లో బాగు చేసుకున్నాం. ఏ తీగ ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో గీసిన బొమ్మ కూడా ఉంది.

ఇంత కుదురుగా ఉన్నదాన్ని పీకి ముక్కలుగా అమ్మడం నాకు ఇష్టం లేదు. దీంతో తిరిగేవాళ్ల చేతికే వెళ్లాలని నా కోరిక. కానీ అలాంటివాళ్లు మన జిల్లాల్లో దొరుకుతారా? బెంగళూరు, హైదరాబాద్ వాళ్లయితే కాగితాల సంగతేంటి? వెనక రెండు సీట్లు తీసి డ్రాయర్లు పెట్టాం కదా, దానికి ఇబ్బంది ఉంటుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఒంగోలు_పాతబండ్లు:

తమ్ముడూ, ముందు అమ్మగారి ఆరోగ్యం చూసుకో. నేను ఈ వ్యాపారంలోనే ఉన్నాను కాబట్టి వ్యాపారి వైపు సంగతి కూడా చెప్తాను. మా దగ్గరికి వచ్చే మనిషి పెళ్లాం పిల్లల్ని ఎక్కించుకుని తిరుమల పోయే బండి అడుగుతాడు. నీ ఫ్రిజ్, నీ టెంటు విలువ అతనికి తెలియదు. అతనికి తెలియనిదానికి మేం డబ్బు పెట్టలేం. అంతేగానీ నీ సామానుకు విలువ లేదని కాదు. నువ్వు మా దగ్గరికి రాకుండా నేరుగా కొనేవాడిని వెతుక్కోవాలి.

ఇన్సూరెన్సు విలువ పట్టుకుని బేరమాడేవాళ్లు వస్తారు. ఆ లెక్కలో మూడేళ్లు దాటి నాలుగేళ్ల లోపు బండికి షోరూం ధరలో 40 శాతం, ఐదేళ్ల లోపు అయితే 50 శాతం తరుగు తీస్తారు. నువ్వు తర్వాత పెట్టించిన సామాను, పాలసీలో విడిగా రాయించి ప్రీమియం కడితే తప్ప అందులో ఉండదు. కాబట్టి ఆ అంకె మార్కెట్ రేటు కాదని నిబ్బరంగా చెప్పు.

రెండు రేట్లు పెట్టు. బండి ఒక్కటే అయితే ఇంత, సామానుతో అయితే ఇంత. సామాను రేటు పక్కన బిల్లులు పెట్టు. బండి నచ్చి టెంటు వద్దనేవాడు వస్తే అప్పుడు తీసి ఇవ్వొచ్చు. తీసేసిన తర్వాత టెంటుతో కావాలనేవాడు వస్తే ఏం చేస్తావ్? అందుకే ఇప్పుడు దేన్నీ పీకొద్దు.

సీట్ల విషయం అశ్రద్ధ చేయకు. నీ ఆర్‌సీలో నాలుగు సీట్లని ఉంటుంది. వెనక రెండు సీట్లు, వాటి బోల్టులు, బెల్టులు ఇంట్లో ఉన్నాయా? ఉంటే అవి బండితో పాటే పోవాలి. డ్రాయర్లు బోల్టు విప్పితే వచ్చేసేలా ఉన్నాయని కొనేవాడికి చూపించు. కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్తుంది. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. స్నార్కెల్ కంపెనీదే కాబట్టి దాంతో గొడవ లేదు. ముందు బంపరే చిక్కు. బంపర్ల దగ్గర విడిగా బిగించే ఇనుప క్రాష్ గార్డుల మీద చర్య తీసుకోమని 2017 డిసెంబరులో కేంద్రం రాష్ట్రాలకు రాసింది. పాత బంపర్ ఉంటే తిరిగి బిగించి, వించీ బంపరూ విడిగా ఇవ్వు.

ఇక కాగితాలు. లోన్ మీద కొన్నావా? తీరిపోయినా ఆర్‌సీలో బ్యాంకు పేరు అలాగే ఉండిపోతుంది చాలామందికి. బ్యాంకు నుంచి అభ్యంతరం లేదనే ఎన్‌ఓసీ, లోన్ పేరు తీయించే ఫారం 35 తెచ్చుకుని ఇప్పుడే తీయించు. చలానాలు కట్టేయి. మన రాష్ట్రంలోనే అమ్మితే పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30. అమ్మినట్టు 14 రోజుల్లో ఆర్టీఓకు తెలియజేయాలి. బెంగళూరు అయితే ఫారం 28తో ఎన్‌ఓసీ కావాలి, అక్కడ 45 రోజుల గడువు. అక్కడి రోడ్డు ట్యాక్స్ కొనేవాడికి మళ్లీ పడుతుంది, దాన్ని రేటులో తగ్గించమని అడుగుతాడు. తయారుగా ఉండు.

ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి ఎవరి చేతికీ ఇవ్వకు, నా చేతికైనా సరే. ఆర్‌సీలో పేరు మారేదాకా చట్టం దృష్టిలో ఓనర్‌వి నువ్వే, యాక్సిడెంట్ అయితే నష్టపరిహారం నీ మెడకే చుట్టుకుంటుందని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. తాళాలు ఇచ్చే రోజు తేదీ, టైము, రీడింగ్ వేసి డెలివరీ కాగితం రాయించుకో. డబ్బు బ్యాంకులోనే తీసుకో. రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం కుదరదు. ఫోన్లో స్క్రీన్‌షాట్ చూపిస్తే నమ్మొద్దు, నీ ఖాతాలో పడిందని చూసుకున్నాకే తాళాలు.

ఫాస్టాగ్ మూసేయడం మర్చిపోకు. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు, బండితో పోదు, అది నీది. ఇన్సూరెన్సు కంపెనీ నుంచి కాగితం తీసుకుంటే మూడేళ్ల లోపు అమ్మగారి కోసం కొనే కారుకు వాడుకోవచ్చు.

చీమకుర్తి_వైరింగ్:

అన్నా, క్వారీల్లో బండ్లకు కరెంటు పని చేస్తాను. కాగితాల గురించి పెద్దాయన చెప్పాడు, నేను సామాను గురించి చెప్తా.

కావలి అంటే సముద్రం పక్కనే. తుమ్మలపెంట, మైపాడు ఇసుకలోకి బండి తీసుకెళ్లే ఉంటావ్. కొనేవాడు మొదట చూసేది అడుగుభాగమే. ఛాసిస్ వెల్డింగుల దగ్గర, బ్రేకు పైపుల మీద, చక్రాల పైన లోపలి వైపు ఉప్పు పట్టి తుప్పు వస్తుంది. మంచి నీళ్లతో శుభ్రంగా కడిగించి ఉన్నది ఉన్నట్టు ఫొటోలు పెట్టు. అమ్మే ముందు నల్ల కోటింగ్ మాత్రం కొట్టించకు. కొత్త కోటింగ్ చూస్తే తెలిసినవాడు కింద ఏదో దాచారనే అనుకుంటాడు. చిన్న తుప్పు ఉంటే ఉండనీ, కనిపించే తుప్పుకు ఎవడూ భయపడడు.

బ్యాటరీని మాటల్తో అమ్మలేవు. 100 ఏహెచ్ అంటే 12.8 వోల్టుల లెక్కన 1280 వాట్ అవర్లు. నిండా ఛార్జ్ చేసి, సోలార్ తీసేసి, 60 వాట్ల లోడు పెట్టి వదిలెయ్. 20 గంటలు లాగిందంటే 1200 వచ్చినట్టే, బ్యాటరీ ఆరోగ్యంగా ఉంది. బ్యాటరీ మానిటర్ మీద అంకెలు మొదట్లో, చివర్లో ఫొటో తీసి పెట్టు. మన ఎండల్లో అలాంటి ఫ్రిజ్ సగటున 25 నుంచి 30 వాట్లు తింటుంది, అంటే రోజుకు 600 నుంచి 720. ఎండ అసలు రాకపోయినా రోజున్నర పైన ఆగుతుందని లెక్కతో చూపించొచ్చు. ఇంకోటి, ఈ రకం బ్యాటరీని సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేస్తే పాడవుతుంది. చలికి ఛార్జింగ్ తనంతట ఆగిపోయే రక్షణ నీ బ్యాటరీలో ఉంటే ఆ మాట తప్పకుండా రాయి. లడఖ్ పోయేవాడు అదే అడుగుతాడు.

టైర్ల మీద నాలుగంకెల తేదీ కూడా ఫొటోలో పెట్టు. 2321 అంటే 2021లో 23వ వారం. డిఫరెన్షియల్ లాకు లీవర్లు రెండూ మట్టిరోడ్డు మీద వేసి తీసి వీడియో తీయి. చాలా బండ్లలో వాడక అవి బిగుసుకుపోయి ఉంటాయి.

ఆ ఫ్యూజు చీటీల ఫొటో మొదటి ఫొటోగా పెట్టన్నా. నేనైతే అది చూసే ఫోన్ చేస్తా. వేరేవాళ్లు చేసిన వైరింగ్ విప్పి చూసిన ప్రతిసారీ నాకు తల తిరుగుతుంది, ఏ తీగ దేనిదో రాసి పెట్టినవాళ్లు దొరకరు.

గూడూరు_దారులు:

అన్నయ్యా, నేను కొన్న వైపు నుంచి మాట్లాడతాను. మేం ఇలాంటి బండే, వేరే కంపెనీది, సెకండ్‌హ్యాండ్‌లో టెంటుతో సహా కొన్నాం. కొనేటప్పుడు నాకు రేటు కంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది ఒకటే: ఇవన్నీ నాకు వాడటం వస్తుందా అని. మాకు అమ్మినాయన టెంటు ఒకసారి గబగబా విప్పి చూపించి వెళ్లిపోయారు. మొదటి వానకు జిప్పు దగ్గర నీళ్లు కారాయి, ఎక్కడ ఏం బిగించాలో తెలియక రాత్రంతా కూర్చున్నాం. మీరు కొనేవాళ్లను ఒక పూట కాదు, ఒక రాత్రి ఉంచండి. సోమశిల వైపో, ఉదయగిరి కొండ కిందో తీసుకెళ్లి టెంటు వాళ్ల చేతే విప్పించి, వాళ్ల చేతే మడిపించండి. పొద్దున్నే వాళ్లే టీ పెట్టుకోనివ్వండి. ఆ రాత్రి గడిచాక బేరం పెద్దగా ఉండదు, నా అనుభవంతో చెప్తున్నాను.

ఎప్పుడు అమ్మాలన్నది కూడా చూసుకోండి. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. ఆ తేమలో టెంటు మడిచి పెడితే బూజు పడుతుంది, వాసన పోదు. సంక్రాంతి తర్వాత మంచి ఎండలో రెండు మూడు రోజులు విప్పి ఆరబెట్టి అప్పుడు ఫొటోలు తీయండి. మనాలీ నుంచి లేహ్ దారి ఎండాకాలంలో తెరుస్తారు కాబట్టి అటు పోవాలనుకునేవాళ్లు ఫిబ్రవరి, మార్చిలోనే బండి వెతుక్కుంటారు. అమ్మగారి కోసం వెంటనే కారు కావాలంటే వేరే సంగతి, అప్పుడు ఆగకండి.

బరువు కూడా చెప్పండి, దయచేసి. టెంటు ఎంత, డ్రాయర్లు ఎంత, నిండు ట్యాంకు నీళ్లే 60 కిలోలు. లారీ కాటా మీద ఒకసారి ఎక్కించి ఆ చీటీ పెడితే, ఆర్‌సీలో ఉన్న బరువుతో పోల్చుకుంటాం. ఆ చీటీ చూపించినవాళ్లు మాకు ఒక్కరూ తగల్లేదు. గ్యాస్ సిలిండర్ మాత్రం బండితో ఇవ్వకండి, అది మీ పేరు మీద ఉన్న కనెక్షన్‌ది. స్టవ్ ఇస్తే చాలు.

కావలి_గూర్ఖా:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఇక పీకే ఆలోచన మానుకున్నాం. వెనక సీట్లు, బెల్టులు మేడ మీద గదిలో దుప్పటి కప్పి ఉన్నాయి, బోల్టులు కూడా డబ్బాలో వేసి పెట్టాం. పాత బంపర్ షెడ్డులో ఉంది. లోన్ తీరింది గానీ పెద్దాయన అడిగాక ఆర్‌సీ తీసి చూస్తే బ్యాంకు పేరు ఉండనే ఉంది, రేపు బ్యాంకుకు వెళ్తాను. చలికి ఛార్జింగ్ ఆగిపోయే రక్షణ ఉంది తమ్ముడూ, స్పితిలోని లోసర్‌లో ఒక పొద్దున అది పని చేయడం కళ్లారా చూశాం.

గూడూరు చెల్లెమ్మా, ఒక రాత్రి ఉంచమన్న మాట మా ఆవిడకు బాగా నచ్చింది. కొనేవాళ్లకు ఫ్యూజుల గురించి తనే చెప్తానంటోంది. అమ్మ కోసం ప్రస్తుతానికి మా బావ కారు వాడుకుంటున్నాం కాబట్టి సంక్రాంతి దాకా ఆగగలం. ఒక్క సందేహం, వచ్చినవాళ్లు టెస్ట్ డ్రైవ్‌కు ఒంటరిగా తీసుకెళ్తామంటే ఇవ్వొచ్చా?

ఒంగోలు_పాతబండ్లు:

ఇవ్వకు. లైసెన్సు చూసి ఫొటో తీసుకో, పక్క సీట్లో నువ్వు కూర్చో. హైవే మీద కాసేపు, మట్టిరోడ్డు మీద కాసేపు నడపనివ్వు. ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ ఆ రోజుకు నడుస్తున్నాయో లేదో ముందే చూసుకో. సంక్రాంతి తర్వాత ఫొటోలు పెట్టినప్పుడు ఇక్కడ ఒక మాట చెప్పు, బెంగళూరులో ఇలాంటి బండి కోసం అడిగినవాళ్లు ఇద్దరున్నారు, నీ నంబరు ఇస్తాను. కమీషన్ ఏమీ వద్దు.