సమస్య: "చట్టమును మీరువాడె పో సజ్జనుండు"

నిర్వాహకుడు: మా వాడు ఆఫీసులో ప్రోగ్రాములు రాస్తూ 'డ్రై' సూత్రం (డోంట్ రిపీట్ యువర్‌సెల్ఫ్ - రాసిందే మళ్లీ రాయొద్దు) తప్పాడని చీవాట్లు తిని వచ్చాడు. వాడి మొహం చూస్తే పుట్టిన పాదమిది. కానివ్వండి.

భద్రకాళి బండ్:
మిర్చి, పత్తికి నొకలెక్క మేలటంచు
కూర్చ, తేమకు మిర్చికే కోతపడియె
రెంటి విడదీసి రాయుచు రెండు మార్లు
చట్టమును మీరువాడె పో సజ్జనుండు

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో చూసిందే. పత్తిలో తేమ 8 శాతం దాటితే ధర కోస్తారు కదా. లెక్కల ప్రోగ్రాములో రెండు పంటలకూ ఒకే ఫంక్షన్ పెట్టేసరికి ఆ కోత మిర్చి తక్‌పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ)లోకీ దూరింది.

కాజీపేట జంక్షన్: 'కూర్చ – కోత' యతి హాయిగా పడింది. వాదమే నిలవదు. 1999లో ఈ 'డ్రై' సూత్రం పెట్టిన హంట్, థామస్ చెప్పింది ఒక విషయం ఒక్కచోటే ఉండాలని. ఒకే తీరుగా కనబడే లైన్లన్నీ కలిపేయమని కాదు. మీ అడ్తి వాళ్లు చట్టాన్ని మీరలేదు, చదవలేదు. అయినా మీరితే మేలు జరిగేది చట్టమెట్లయితది? ఇదిగో అసలు చట్టం, 1968 నాటి కాన్వే మాట - జట్లు ఎట్లుంటే అవి రాసే ప్రోగ్రామూ అట్లే ఉంటదని:

కాన్వె చెప్పిన చట్టము కాదనకుడు
ఐదు జట్లున్న కోడైన నైదు ముక్క
లగును, దాటి చూపిననాడె లలిగ నందు
చట్టమును మీరువాడె పో సజ్జనుండు

భద్రకాళి బండ్: కాన్వే సంగతి ఒప్పుకుంటా. ఈ 'లలి' ఎవరండీ? ఉగాది సమస్యలోనూ యతి కోసం ఈమెనే పిలిచారు. జీతమేమైనా ఇస్తున్నారా?

కాజీపేట జంక్షన్: దసరా సమస్యలో 'బతుకమ్మ'ను అది పట్టని సూర్యగణంలో కూర్చోబెట్టిన వారు అడగాల్సిన మాటే!

నర్సంపేట టీచరమ్మ: నాది మొదటి పాదం: "ఉప్పుపై పన్ను పోవగ గాంధి నడిచె..."

నిర్వాహకుడు: టీచరమ్మా, 1930 దండి అందరికీ తట్టేదే. పైగా 'ఉ'కు 'గా' యతి చెల్లదు. 'పోవగ నుద్యమించె' అనండి.

భద్రకాళి బండ్: ప్రోగ్రామర్ల 'లా ఆఫ్ డిమీటర్'కు పేరులోనే 'లా' ఉంది, జంక్షన్ గారూ. 1987లో నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీలో పుట్టింది. నీ పక్కనున్న ఆబ్జెక్టు (ప్రోగ్రాములోని భాగం)తోనే మాట్లాడు, దాని చుట్టాలతో వద్దు అంటుంది. అవసరం పడితే రోజూ దాటుతూనే ఉన్నాం, ఏ ప్రోగ్రామూ కూలలేదు. బోర్డు చట్టానిది, సరుకు సలహాది.

కాజీపేట జంక్షన్: నేను చెప్పిందీ అదే కదా!

నర్సంపేట టీచరమ్మ: జంక్షన్ గారూ, మూడో పాదం "లగును, దాటి చూపిన నందు లక్షసార్లు" అంటే లలితో పనే లేదు.

కాజీపేట జంక్షన్: బాగుందమ్మా, మార్చేస్తున్నా. మరి బతుకమ్మ సంగతి ఎవరు చూస్తారు?