చిన్న ఊళ్లో దొరికిన మంచి చోటు: నలుగురికీ చెప్పాలా, దాచుకోవాలా?

గాలిపటం:
నాలుగేళ్ల కిందట ఓ చిన్న ఊళ్లో రెండు రాత్రులున్నాను. ఊరి పేరు చెప్పను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. దిగగానే ఒక కొట్టాయన్ని తినడానికి ఎక్కడ బాగుంటుందని అడిగితే వెనక సందులోకి చెయ్యి చూపించాడు. నాలుగే బల్లలు. ఆవిడ వండుతుంది, ఆయన వడ్డిస్తాడు. రెండో పూట వెళ్లేసరికి అడక్కుండానే గోడవైపు కుర్చీ లాగి పెట్టారు. ఇంటికొచ్చి ఉత్సాహంగా రాసేశాను: ఫొటోలు, మ్యాప్‌లో గుర్తు, సందు ఎటు తిరగాలో కూడా.

పోయినేడాది మళ్లీ వెళ్లా. సందు మొదట్లోనే జనం. గుమ్మం దగ్గర ఒక కుర్రాడు పేర్లు రాసుకుంటున్నాడు. అప్పట్లో నా పక్క బల్ల దగ్గర రోజూ కూర్చునే ముసలాయన గుమ్మందాకా వచ్చి, లోపలికి తొంగిచూసి, చేతికర్ర తిప్పుకుని వెళ్లిపోయాడు. ఇదంతా నా ఒక్కడి రాతవల్లే అయిందనుకునేంత గొప్ప నాకు లేదు. కానీ ఆయన వెనక్కి తిరగడం చూశాక నేనిక రాయకూడదనిపించింది. అందుకే అడుగుతున్నా: చిన్న ఊళ్లో మంచి చోటు దొరికితే చెప్పాలా, ఊరుకోవాలా? నా మటుకు నేను ఊరుకోవాలనే అంటాను.

అద్దెగది:
కోపం తెచ్చుకోకండి గానీ, ఇది కడుపు నిండినవాడి బాధ. మా అమ్మానాన్నలు చిన్న ఊళ్లో మూడు గదులు అద్దెకిచ్చి మమ్మల్ని చదివించారు. సీజన్ నాలుగు నెలలు. మిగతా ఎనిమిది నెలలూ దుప్పట్లు మడతపెట్టి, కిటికీలు తెరిచి, మూసి, ఎవరైనా వస్తారేమోనని రోడ్డువైపు చూడటమే పని. ఆ రోజుల్లో ఎవరో పుణ్యాత్ముడు ఒక్క మంచి మాట రాసి ఉంటే అమ్మ చెవిదుద్దులు తాకట్టు నుంచి ఒక ఏడాది ముందే వచ్చేవి.

మీరు చూసిన ఆ క్యూ మీకు రద్దీ. గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాయనకి అది అప్పు తీరే దారి. మీరు దాచుకునేది మీ జ్ఞాపకం కాదు, వాళ్ల బేరం.

లెక్కల పిచ్చి:
రెండువైపులా మనసులు కరిగే కథలే. కాస్త లెక్క చూద్దాం. చిన్న ఊళ్లో కొట్టుకి అయిదారు రేటింగులుంటే ఎక్కువ. అయిదుగురు అయిదేసి నక్షత్రాలిచ్చారనుకోండి, ఆరోవాడెవడో ఆలస్యమైందని చిరాకుపడి ఒకటిచ్చాడు. సగటు 4.33కి పడిపోతుంది. అదే 300 మంది కలిసి 4.2 ఇచ్చిన పెద్ద చోట ఆ ఒక్క నక్షత్రం పడితే 4.19. అక్కడ ఎవరికీ తెలియను కూడా తెలియదు. కాబట్టి అందరూ ఊరుకుంటే ఆ చిన్న కొట్టు జాతకం చిరాకుపడ్డ ఒక్కడి చేతిలో ఉంటుంది. మంచివాళ్లు మాట్లాడకపోతే ఖాళీగా ఉండదు, చెడ్డమాటే మిగులుతుంది.

గది వెతుక్కునేవాళ్లకి ఇంకో మాట. యాప్‌లో బుక్ చేస్తే అద్దెలో ఒక వాటా, తరచూ 15 శాతం దాకా, మధ్యలో కంపెనీకి పోతుంది. చోటు యాప్‌లో చూసుకోండి, తర్వాత నేరుగా ఫోన్ చేసి అడగండి. అలా చేస్తే రాయడం వల్ల వచ్చిన లాభం ఊళ్లోనే ఉంటుంది.

మూడో మలుపు:
లెక్క బాగుంది గానీ కొట్టు వేరు, చూడ్డానికి వెళ్లే చోటు వేరు. కొట్టువాడు బల్ల వేసుకోగలడు, లేదంటే తలుపు మూసుకోగలడు. రోడ్డుకీ కొండకీ తలుపుండదు.

జపాన్‌లో ఫుజికావాగుచికో అనే ఊరుంది. ఒక చిన్న దుకాణం వెనక ఫుజి కొండ సరిగ్గా లేచి నిలబడ్డట్టు కనిపించే చోటొకటి ఫోన్లలో పాకింది. జనం రోడ్డుకి అడ్డంగా నిలబడేవారు, ఎదురుగా ఉన్న దంతవైద్యశాల ఆవరణలోకి చొరబడేవారు. చెప్పి చెప్పి విసిగిపోయి 2024 మేలో ఊరివాళ్లు రెండున్నర మీటర్ల ఎత్తు, ఇరవై మీటర్ల పొడవు నల్లటి తెర కట్టారు. కొన్నాళ్లకే దానికి కెమెరా పట్టేంత చిల్లులు పడ్డాయి. ఊరు తన కొండకి తానే పరదా వేసుకోవాల్సిన గతి పట్టిందంటే ఊహించుకోండి. ఆగస్టులో తీసేశారు లెండి.

అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలోని పోమ్‌ఫ్రెట్‌దీ అదే కథ. వెయ్యికి లోపు జనం. ఆకులు రంగు మారే రోజుల్లో ఒక సొంత పొలం ఫొటో కోసం కార్లు కమ్మేస్తుంటే, 2023 సెప్టెంబరు చివర్నుంచి మూడు వారాలు ఊరివాళ్లవి కాని కార్లకి ఆ దారి మూసేశారు. అక్కడ ఎవరికి బేరం పెరిగింది, అద్దెగది గారూ? ఫొటో తీసుకుని కారెక్కేవాడు ఊళ్లో మంచినీళ్ల సీసా కూడా కొనడు.

అద్దెగది:
కొనడు, ఒప్పుకుంటా. కానీ చాటింపు వల్లే బతికిన ఊరూ ఉంది. బ్రిటన్‌లో వేల్స్ సరిహద్దున హే-ఆన్-వై. రెండు వేల మంది కూడా లేని ఊరు. 1960లలో రిచర్డ్ బూత్ అనే ఆయన పాత పుస్తకాల కొట్టు మొదలుపెట్టాడు, చూసి ఇంకొందరు పెట్టారు. 1977 ఏప్రిల్ 1న ఆయన ఊరిని స్వతంత్ర రాజ్యమని, తనని రాజునని ప్రకటించుకున్నాడు. తేదీ చూశారుగా, వేళాకోళమే. కానీ ఊరి పేరు మోగిపోయింది. 1988 నుంచి ఏటా అక్కడ సాహిత్యోత్సవం. చెప్పకుండా దాచుకుని ఉంటే?

పుల్లవిరుపు:
దాచుకుంటే పుస్తకాలకి చెద పట్టేది. వర్ధిల్లండి.

మూడో మలుపు:
మంచి ఉదాహరణే ఇచ్చారు, కానీ అది నా పక్షాన నిలబడుతోంది. హే-ఆన్-వై గురించి చాటింపు వేసింది ఎవరు? ఆ ఊరివాడు. జనం దేనికోసం రావాలో తానే ఎంచుకున్నాడు. పుస్తకాల కోసం వచ్చేవాడు కొట్టు కొట్టుకీ తిరిగి, సంచి నింపుకుని, చీకటి పడితే గది తీసుకుంటాడు. పోమ్‌ఫ్రెట్‌లో చాటింపు వేసింది దారినపోయేవాడు. ఇల్లుగలవాడు పిలిచిన పెళ్లికీ, పక్కింటివాడు పిలిచిన పెళ్లికీ ఉన్నంత తేడా.

లెక్కల పిచ్చి:
ఇది నచ్చింది. అంటే రాసేముందు అడగాలి, అంతేగా? "మీ గురించి నలుగురికీ చెప్పమంటారా" అని. ఇంత చిన్న ప్రశ్న నేను ఇన్నేళ్లలో ఒక్క చోటా అడగలేదు, సిగ్గుగా ఉంది.

అద్దెగది:
అడిగితే మా అమ్మ "చెప్పు నాయనా, కానీ మూడు గదులే ఉన్నాయని కూడా రాయి" అనేది. అది రాయరు ఎవరూ. ఎన్ని బల్లలు, ఏ రోజు సెలవు, ఎన్నింటికి వంట అయిపోతుంది. పొగడ్త కన్నా అవే మాకు పనికొచ్చేవి.

గాలిపటం:
అందరివీ చదివాను. ఊరుకోవాలన్న నా మాట సగం వెనక్కి తీసుకుంటున్నా. కొండలు, వాగులు, ఎవరి పొలం గట్టో అయితే ఇప్పటికీ నోరు విప్పను, మ్యాప్‌లో గుర్తు అసలే పెట్టను. తిండి, గది, కొట్టు మాత్రం అడిగి రాస్తాను.

ఇందాక ఆ సందులో చోటుకి ఫోన్ చేశాను. ఆయనే ఎత్తారు. నా పాత రాత సంగతి చెప్పి, తీసేయమంటారా అని అడిగా. కాసేపు ఏం మాట్లాడలేదు. "తీసేయొద్దు బాబూ. మధ్యాహ్నం ఒంటిగంటలోపు ఊరివాళ్లకే అని ఒక ముక్క చేర్చు, చాలు" అన్నారు. చేర్చాను. చేతికర్ర ముసలాయన వస్తున్నారా అని అడుగుదామనుకున్నా, ఈలోపు వెనక ఎవరో నీళ్లు అడిగారు, పెట్టేశారు.