అప్‌డేట్: రెండు రోజుల ఘాట్ రోడ్ ప్లాన్ ఇలా తేలింది

రెండు రోజుల్లో 420 కిలోమీటర్ల ఘాట్ రోడ్ తిరిగి రావడం కుదురుతుందా అని అడిగాను కదా. మీ సలహాలు చూశాక 260కి తగ్గించాం. మ్యాప్ చూపించే టైమ్ ఎక్కడా ఆగకపోతేనే సరిపోతుంది. మలుపుల్లో సగటున గంటకు 30 కిలోమీటర్లే లెక్కేసి, వ్యూ పాయింట్లకు విడిగా సమయం వదిలాం. లోయల్లో కొండ అడ్డొచ్చి ఎండ ముందే పోతుంది, అందుకే బాగా అందమైన భాగాన్ని ఉదయానికి జరిపాం.

అన్నిటికంటే విలువైనది బ్రేకుల సలహా. దిగేటప్పుడు బ్రేక్ అదేపనిగా తొక్కి ఉంచితే ప్యాడ్లు వేడెక్కి పట్టు తగ్గుతుంది. పాత బ్రేక్ ఫ్లూయిడ్ తేమ పీల్చుకుని ఉంటుంది కాబట్టి ఆ వేడికి త్వరగా మరిగి బుడగలొస్తాయి, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. ఫ్లూయిడ్ మార్చి రెండేళ్లు దాటితే బయల్దేరక ముందే మార్పించండి. వాలు మొదలవకముందే రెండో గేరో మూడో గేరో వేయాలి, ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్. వేగం పెరిగినప్పుడు గట్టిగా ఒకసారి తొక్కి వదలాలి. న్యూట్రల్ మాత్రం వద్దే వద్దు.

ఎలక్ట్రిక్ కారైతే కొండ మీద ఫుల్ ఛార్జ్ చేసి దిగకండి. బ్యాటరీ నిండుగా ఉంటే రీజెన్ బ్రేకింగ్ (మోటారే వేగం తగ్గిస్తూ ఆ శక్తిని బ్యాటరీలోకి పంపడం) బాగా తగ్గిపోతుంది, భారమంతా మామూలు బ్రేకుల మీదే పడుతుంది.

ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకున్నాం. 1000 మీటర్లు ఎక్కితే సుమారు 6 డిగ్రీలు చల్లబడుతుంది, స్వెట్టర్లు డిక్కీలో కాకుండా చేతికందేలా పెట్టుకోండి.