ట్రిగ్గర్ నొక్కకుండానే పిస్టల్ పేలుతుందా? ఇంట్లో పీ320 ఉంది

ఫ్రిస్కో_శ్రీను

నమస్తే అండీ. మేం టెక్సస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. మూడేళ్ల కిందట మా వీధిలోనే రెండిళ్లలో దొంగలు పడ్డారు. ఆ భయంతో ఒక పిస్టల్ కొన్నాను. సిగ్ సావర్ పీ320, సెకండ్ హ్యాండ్. రెండు నెలలు షూటింగ్ రేంజ్‌కి వెళ్లి నేర్చుకున్నా. అప్పటి నుంచి అది మంచం పక్క సొరుగులో, ఒక గుడ్డ హోల్‌స్టర్‌లో (పిస్టల్ పెట్టే ఒర) ఉంటోంది. చాంబర్లో, అంటే గొట్టం మొదట్లో తూటా పేలే గదిలో, తూటాతో సహా.

మొన్న మా ఆవిడ ఏదో వీడియో చూసి "ఈ పిస్టల్ దానంతటదే పేలుతోందట, ఇంట్లోంచి తీసేయ్" అంది. వేలు పెట్టకపోతే ఎలా పేలుతుంది, కత్తిపీట దానంతటదే లేచి కూరగాయలు తరుగుతుందా అని నేను వాదించాను. "మరి హిందీ హీరో గోవిందా కాలికి తూటా ఎలా తగిలింది?" అంది. నా దగ్గర సమాధానం లేదు. పాపకి మూడేళ్లు.

ఈ రోజుల్లో వస్తున్న పిస్టళ్లలో నిజంగా అలా జరుగుతుందా? లేక పొరపాటున నొక్కినవాళ్లు తప్పు తుపాకీ మీదకి నెడుతున్నారా?

ఆస్టిన్_రవి

బ్రో, పదేళ్లుగా గ్లాక్ పిస్టల్ వాడుతున్నా. ఎవరైనా "నేను నొక్కలేదు" అన్నారంటే నొక్కారని అర్థం. మిగతాదంతా లాయర్ల గోల. టెన్షన్ పడకు.

ఆర్మరర్_తాత

శ్రీను బాబూ, రవి చెప్పింది ముప్పాతిక నిజం. ఆ మిగిలిన పాతిక గురించి చెప్తాను.

మాది గిద్దలూరు దగ్గర పల్లెటూరు. సైన్యంలో ఈఎంఈలో, అంటే మరమ్మతుల విభాగంలో, ఆర్మరర్‌గా చేశాను. తుపాకులు విప్పడం, అరిగిన ముక్క మార్చడం, మళ్లీ బిగించడం, ఇదే పని. ఇప్పుడు సికింద్రాబాద్‌లో మనవళ్ల సైకిళ్లు విప్పుతున్నా.

ముందు ఒక మాట. మన పేపర్లలో "గన్ మిస్‌ఫైర్, కానిస్టేబుల్‌కి గాయం" అని రాస్తారు. మా పనిలో మిస్‌ఫైర్ అంటే నొక్కినా తూటా పేలకపోవడం. అంటే పేపరువాళ్లు రాసేదానికి సరిగ్గా తలకిందులు. ఈ ఒక్క మాటలో మూడు వేరు వేరు సంగతులు కలిసిపోయాయి: వేలు నొక్కింది, వేలు కాక ఇంకేదో నొక్కింది, ఏదీ నొక్కకుండా లోపలి భాగాలే వదిలేశాయి. వీటిని విడదీస్తే నీ ప్రశ్నకి జవాబు దొరుకుతుంది.

మూడోది పాత తుపాకుల్లో మామూలే. వెనకటి సింగిల్ యాక్షన్ రివాల్వర్లలో సుత్తి నేరుగా తూటా క్యాప్ మీదే ఆనుకుని ఉండేది. కింద పడి సుత్తికి దెబ్బ తగిలితే పేలాల్సిందే. అందుకే ఆరు గదుల్లో అయిదే నింపి, సుత్తి కింద గది ఖాళీగా ఉంచేవాళ్లు. రూగర్ కంపెనీ 1973లో మధ్యలో ఒక పట్టీ పెట్టింది, ట్రిగ్గర్ నొక్కితేనే అది పైకి లేచి దెబ్బని అందిస్తుంది. గోవిందా విషయానికొస్తే, 2024 అక్టోబర్ 1న రివాల్వర్ చేజారి పేలి కాలికి తగిలిందని ఆయన చెప్పారు. ఆ రివాల్వర్ విప్పి చూడకుండా నేను అవుననీ అనను, కాదనీ అనను. కింద పడితే పేలే రివాల్వర్లు మాత్రం లోకంలో ఉన్నాయి.

ఇప్పుడు నీ పీ320. దాని సైనిక రకాన్ని 2017 జనవరిలో అమెరికా సైన్యం ఎంచుకుంది. అదే ఏడాది ఆగస్టులో బయటివాళ్లు పరీక్షించి, ఒక కోణంలో స్లైడ్ (పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) వెనక వైపు నేలకి తగిలేలా పడేస్తే పేలుతోందని చూపించారు. కారణం వింటే నవ్వొస్తుంది. ట్రిగ్గర్ బరువు. ఆర్టీసీ బస్సు సడన్ బ్రేక్ వేస్తే బస్సు ఆగుతుంది, నిలబడ్డవాళ్లు ముందుకి తూలతారు కదా. అలాగే పిస్టల్ నేలకి తగిలి ఆగింది, ట్రిగ్గర్ ఆగలేదు, తన బరువుతో తనే వెనక్కి పోయింది. వేలు నొక్కితే ఏం జరుగుతుందో లోపల అదంతా జరిగిపోయింది. కంపెనీ ట్రిగ్గర్‌ని తేలిక చేసి, లోపల మరికొన్ని మార్చి, కొన్నవాళ్లకి ఉచితంగా మార్చిస్తామంది. రవి గారి గ్లాక్‌లో ట్రిగ్గర్ మధ్యలో చిన్న నాలుక లాంటిది ఉంటుంది చూడండి. అది లోపలికి నొక్కుకుంటే తప్ప ట్రిగ్గర్ కదలదు. అది అలంకారానికి పెట్టింది కాదు.

ఆ మార్పు తర్వాత కూడా ట్రిగ్గర్ నొక్కకుండానే పేలిందని చాలామంది కేసులు వేశారు. కంపెనీ ఒప్పుకోలేదు. 2024లో జార్జియాలో, ఫిలడెల్ఫియాలో జ్యూరీలు కంపెనీకి వ్యతిరేకంగా చెప్పాయి. కానీ అక్కడ గట్టిగా నిలిచిన వాదన బయటి సేఫ్టీ, అంటే పేలకుండా చేత్తో వేసే మీట, ఏదీ పెట్టలేదని. దానంతటదే పేలింది అనడం వేరు, కొంచెం తగిలినా పేలకుండా అడ్డు పెట్టలేదు అనడం వేరు.

రెండో వైపూ చూడాలి. 2025 జులైలో వయోమింగ్‌లోని వైమానిక స్థావరంలో ఒక సైనికుడు ఇదే రకం పిస్టల్‌తో చనిపోయాడు. దానంతటదే పేలిందన్న అనుమానంతో వైమానిక దళంలోని ఆ విభాగం అప్పట్లో వాడకమే ఆపేసింది. ఆగస్టులో తోటి సైనికుణ్ణి అరెస్టు చేశారు, అబద్ధపు వాంగ్మూలం అనేది కూడా అభియోగాల్లో ఒకటి. అందుకే తూటా పేలిన రోజు చెప్పే మాటని నేను నమ్మను. విప్పి చూశాకే నమ్ముతా.

మా దగ్గర జరిగింది చెప్తాను. జమ్మూ వైపు ఉన్నప్పుడు ఒక కుర్రాడు డ్యూటీ దిగి వచ్చి పిస్టల్ హోల్‌స్టర్‌లో పెడుతుంటే పేలింది. బూటుకి జానెడు దూరంలో ఇసుక బస్తాలోకి పోయింది తూటా. కుర్రాడు వణికిపోతూ "ఉస్తాద్, ఉంగ్లీ నహీ థీ" అంటాడు. వేలు లేదని. అందరూ నవ్వారు. నేను పిస్టల్ విప్పాను. మన ఇషాపూర్ ఫ్యాక్టరీ 9 ఎంఎం. సియర్ (సుత్తిని పట్టి ఆపే ముక్క) అంచు పదునుగానే ఉంది, సుత్తి గాడి అరగలేదు, స్ప్రింగులు బాగున్నాయి. ఏ తప్పూ లేదు. అప్పుడు లాన్యార్డ్ చూశాను, పిడికి కట్టే తాడు. ముడి దగ్గర ఒకచోట నల్లటి నూనె మరక, పోగులు నలిగి ఉన్నాయి. ట్రిగ్గర్ అంచు ఎంత వెడల్పో మరకా అంతే. తాడు మెలిక ట్రిగ్గర్ గార్డులో (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కడ్డీ) ఇరుక్కుంది, వాడు పిస్టల్‌ని కిందకి తోశాడు, తాడు నొక్కేసింది. వాడు అబద్ధం ఆడలేదు. పిస్టల్ తప్పూ లేదు. సేఫ్టీ వేయకపోవడం మాత్రం వాడి తప్పే, దానికి శిక్ష పడింది.

హోల్‌స్టర్‌లో ఉండగా పేలిందన్న చోటల్లా నేను ముందు చూసేది అదే. తాడు, జాకెట్ నాడా, చొక్కా అంచు, తాళాల గుత్తి.

ఫ్రిస్కో_శ్రీను

తాతగారూ, చాలా థాంక్స్. నాది 2017కి ముందుదో తర్వాతదో కూడా తెలీదు. సెకండ్ హ్యాండ్ కదా. ప్రస్తుతానికి మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) తీసేసి సొరుగులో పెట్టాను. సరిపోతుందా?

ఆర్మరర్_తాత

సరిపోదు! ఇప్పుడే లే. మేం వాడిన 9 ఎంఎంలో మ్యాగజైన్ తీస్తే ట్రిగ్గర్ పనిచేయదు. నీ పీ320లో మ్యాగజైన్ తీసినా చాంబర్లో తూటా ఉంటే పేలుతుంది. మనిషి లేని గోడ వైపు గురిపెట్టి, ముందు మ్యాగజైన్, తర్వాత స్లైడ్ లాగు. తూటా బయట పడుతుంది. స్లైడ్ వెనక్కి ఆపి చాంబర్లో చిటికెన వేలు పెట్టి చూడు. మేం "జాంచ్ శస్త్ర్"లో, అంటే ఆయుధ తనిఖీలో, రోజూ చేసిందే.

సీరియల్ నంబర్ కంపెనీకి పంపితే మార్పు జరిగిందో లేదో చెప్తారు. సొంతంగా విప్పకు. నేలకేసి కొట్టి పరీక్షించడం అసలే వద్దు. పసిపిల్ల ఉన్న ఇంట్లో తాళం వేసే పెట్టె కొను, సొరుగు కాదు.

లలిత_రేడియాలజీ

మధ్యలో దూరుతున్నా. హైదరాబాద్‌లో ఎంఆర్ఐ టెక్నీషియన్‌ని. మాకు ట్రైనింగ్‌లో చెప్పిన కేసు: 2000లో న్యూయార్క్ రాష్ట్రం రోచెస్టర్‌లో ఒక పోలీసు అధికారి స్కాన్‌కి వచ్చి పిస్టల్‌ని గదిలోకే తెచ్చాడు. అయస్కాంతం లాక్కుంది, పిస్టల్ యంత్రానికి తగిలి పేలింది, తూటా గోడలోకి పోయింది. సేఫ్టీ వేసే ఉందట. వేలు కాదుగదా, మనిషే ముట్టుకోలేదు.

ఒకసారి ఒక నాయకుడి స్కాన్‌కి గన్‌మన్ లోపలికి వస్తానని పట్టుబట్టాడు. "సార్‌ని వదిలి ఉండకూడదు మేడమ్" అంటాడు. తలుపుకి అడ్డంగా నిలబడి ఈ కథే చెప్పాను. అరగంట బయటే కూర్చున్నాడు.

ఆస్టిన్_రవి

ఓకే, ఎంఆర్ఐ సంగతి నాకు తెలీదు. గ్లాక్ విషయంలో ఒక్కటి ఒప్పుకుంటా. విప్పడానికి ముందు ట్రిగ్గర్ నొక్కాల్సిందే. చాంబర్ చూసుకోకుండా నొక్కి మా రేంజ్‌లో ఒకాయన టేబుల్‌కి చిల్లు పెట్టాడు. ఆయన కూడా ముందు "దానంతటదే పేలింది" అనే అన్నాడు.

ఫ్రిస్కో_శ్రీను

అప్‌డేట్. తూటా తీశాను. సీరియల్ నంబర్ పంపాను, జవాబు ఇంకా రాలేదు. పెట్టె ఆర్డర్ పెట్టాను.

తాతగారు తాడు సంగతి చెప్పాక నా గుడ్డ హోల్‌స్టర్‌ని లైటు కింద పెట్టి చూశాను. మూడేళ్లకి దాని మూతి మెత్తబడి లోపలికి వాలిపోయింది. ఖాళీ పిస్టల్‌ని మెల్లగా అందులోకి దించితే ఆ అంచు మడత పడి సరిగ్గా ట్రిగ్గర్ గార్డులోకే వెళ్లింది. ఇంకొంచెం తోశాను. టిక్ మంది.

మా ఆవిడ పక్కనే ఉంది. ఏమీ అనలేదు. కత్తెర తెచ్చి ఇచ్చింది, హోల్‌స్టర్‌ని రెండు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాను.