రివర్స్ గ్రూపింగ్‌లో ఓ కణాలూ ముద్దకడితే ముందు ఏ పరీక్ష చేయించాలి?

విశాఖలో ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) విద్యార్థులకు రక్తం గ్రూపు చూసే ట్యూబ్ పద్ధతి నేర్పే పాఠంలో ఒకచోట మీ సలహా కావాలి. సెలైన్‌తో మూడుసార్లు కడిగిన ఎర్రకణాలతో 5 శాతం సస్పెన్షన్. ఫార్వర్డ్‌లో (రోగి కణాలను తెలిసిన యాంటీబాడీలతో చూసే పరీక్షలో) యాంటీ-ఏ, యాంటీ-బీ రెండింటికీ ముద్దల్లేవు, అంటే ఓ అనిపిస్తుంది. రివర్స్‌లో (రోగి సీరాన్ని తెలిసిన గ్రూపు కణాలతో చూసే పరీక్షలో) రెండు చుక్కల సీరం, ఒక చుక్క కణాలు, 1000 ఆర్‌పీఎంలో నిమిషం. ఏ, బీ కణాలతోపాటు ఓ కణాలూ ముద్దకడితే?

అది రూలో (కణాలు నాణేల దొంతరలా అతుక్కోవడం) అయితే సీరం తీసి సెలైన్ కలిపే సెలైన్ రీప్లేస్‌మెంట్‌తో విడిపోతుంది, దాంతో పేచీ లేదు. చిక్కంతా కోల్డ్ యాంటీబాడీకీ (చల్లదనంలో కణాలను ముద్దకట్టించేది) బాంబే గ్రూపుకీ (ఓ కణాల మీద ఉండే హెచ్ యాంటిజెన్ కూడా లేని అరుదైన గ్రూపు) మధ్యే. ఆటోకంట్రోల్ (రోగి సీరాన్ని రోగి సొంత కణాలతోనే చూసే పరీక్ష) నెగెటివ్‌గా ఉండి, 37 డిగ్రీల్లోనూ ఓ కణాలు గట్టిగా ముద్దకడితే బాంబే అనుమానించాలి. 1952లో ముంబైలో గుర్తించిన ఈ గ్రూపువారికి ఓ రక్తం ఎక్కిస్తే ప్రాణాపాయం.

ప్రశ్నలు ఇవీ. యాంటీ-హెచ్ లెక్టిన్ (హెచ్ యాంటిజెన్‌ను గుర్తించే మొక్క ప్రొటీన్) చేతిలో లేనప్పుడు ఆటోకంట్రోల్, 37 డిగ్రీల ఫలితం చూసి రిఫరెన్స్ ల్యాబ్‌కు పంపడం చాలా, ఇంకేదైనా చేయించాలా? లెక్టిన్‌కు కంట్రోల్‌గా ఓ కణాలతోపాటు ఏ1బీ కణాలు కూడా పెడుతున్నారా? మే నెల ఉక్కలో ఏసీ లేని గదిని ‘గది ఉష్ణోగ్రత’ అనుకోలేం కదా, ట్యూబులను 22 డిగ్రీల దగ్గర ఎలా ఉంచుతున్నారు?