అప్‌డేట్: నాన్న సోడియం ఎందుకు పడిపోయిందో తెలిసింది

మా నాన్నకి రక్తంలో సోడియం 122కి పడిపోయింది, మనిషి తికమకగా మాట్లాడుతున్నారు, కూరల్లో ఉప్పు పెంచితే సరిపోతుందా అని అడిగాను కదా. వెంటనే ఆసుపత్రికి వెళ్లమని గట్టిగా చెప్పిన అందరికీ చాలా థాంక్స్, ఆ రాత్రే గాజువాక నుంచి తీసుకెళ్లి చేర్పించాం.

ఉప్పు తినకపోవడం వల్ల వచ్చింది కాదట. కిడ్నీలు రోజుకి దాదాపు 180 లీటర్లు వడకట్టి, దాదాపు అంతా తిరిగి రక్తంలోకి పంపేసి, ఒకటిన్నర రెండు లీటర్లే మూత్రంగా వదులుతాయి. నీళ్లు ఎంత ఆపాలో మెదడు నుంచి వచ్చే ఏడీహెచ్ హార్మోన్ చెబుతుంది, సోడియం సంగతి ఎక్కువగా ఆల్డోస్టిరాన్ అనే ఇంకో హార్మోన్ చూసుకుంటుంది. నాన్న బీపీకి వేసుకునే థయజైడ్ మాత్ర సోడియాన్ని బయటికి పంపేస్తుంటే ఏడీహెచ్ నీటిని ఆపేస్తోంది, పైగా మన వైజాగ్ ఉక్కపోతకి ఆయన చెంబుల కొద్దీ నీళ్లు తాగుతూనే ఉన్నారు. దాంతో ఉన్న సోడియం కూడా పలచబడిపోయింది.

మాత్ర మార్చారు, నీళ్లకి లెక్క పెట్టారు. సోడియం మాత్రం చాలా నెమ్మదిగా పెంచారు, గబుక్కున పెంచితే మెదడుకే ప్రమాదమట. నర్సమ్మ ప్రతిసారీ మూత్రం జాడీలో కొలిచి చార్టులో రాస్తుంటే నా టెన్షన్ అంతా ఆ అంకెల మీదే. డిశ్చార్జి నాటికి 134, మాట స్పష్టంగా ఉంది. వచ్చే వారం మళ్లీ టెస్ట్ ఉంది.