పని చేసేచోట బండ పడి కాలు విరిగితే కూలి ఎవరివ్వాలి?

తాడిపత్రి కుర్రోడు: అన్నలూ, మా బావ ఇక్కడ ఒక పాలిష్ ఫ్యాక్టరీలో చేస్తాడు. పోయిన వారం లారీ నుంచి నాపరాళ్లు దించుతుంటే, ముందు బండ తీయగానే వెనక బండ జారి పాదం మీద పడింది. రెండు వేళ్ల ఎముకలు చిట్లాయి. నెలన్నర కాలు కింద పెట్టొద్దన్నారు డాక్టరు. ఓనరు ఆసుపత్రి బిల్లు కట్టాడు గానీ, "హవాయి చెప్పులతో పనికొచ్చింది నువ్వే, కూలి నేనెందుకిస్తా" అంటున్నాడు. అక్కడ బూట్లు ఎవరికీ ఇవ్వరు. కేసంటే పని పోతుందని అక్క టెన్షన్.

బేతంచెర్ల మేస్త్రీ: లారీ వాలులో నిలబెట్టి ఉంటారు, రాసిస్తా. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంగుళం మందం బండంటే 70 కిలోలు. నిట్టనిలువుగా ఆనించి తాడు మొత్తం ఒక్కసారే విప్పేస్తే వెనకది ఎందుకు ఆగుతుంది? ఒకడు వెనక బండను పట్టుకుని ఉండాలి, ఇంకొకడు ముందుది దించాలి. కూలీ మిగుల్తుందని ఇద్దరి పని ఒకడితో చేయిస్తారు. కటింగ్ దగ్గర పెచ్చులు ఎగిరి కళ్లు పోగొట్టుకున్నోళ్లూ ఉన్నారు, అద్దాలు మాత్రం ఆఫీసు బీరువాలో ఉంటాయి!

అనంతపురం గుమస్తా: తమ్ముడూ, ముందు ఈఎస్‌ఐలో, అంటే కార్మికుల ప్రభుత్వ బీమాలో, పేరుందేమో చూడు. ఉంటే పనికి పోలేని రోజులకు కూలిలో సుమారు 90 శాతం వాళ్లే ఇస్తారు. లేకపోతే నష్టపరిహారం ఓనరు మీదే. నెల జీతంలో నాలుగో వంతు లెక్కన పదిహేను రోజులకోసారి ఇవ్వాలి. ఆసుపత్రి బిల్లు కట్టడం ఆయన దయ కాదు, 2009 సవరణ నుంచి చట్టంలోనే ఉంది. చెప్పుల మాట నిలవదు. బూట్లిచ్చి, వేసుకోమని చెప్పినా కావాలని వేసుకోకపోతేనే అట్లా అనొచ్చు. ఓపీ చీటీలో ఏం రాశారు?

తాడిపత్రి కుర్రోడు: "ఇంట్లో జారిపడ్డాడు" అనుంది అన్నా. చేర్పించింది ఓనరు మనిషే.

అనంతపురం గుమస్తా: అనుకున్నా. డిశ్చార్జి కాకముందే డాక్టరుతో మాట్లాడి, పనిలో బండ పడిందని రాయించు. ఆ లారీ డ్రైవరు నంబరు పట్టు. అతనికి ఓనరు జీతం ఇవ్వడు కదా, చూసింది చెప్తాడు. తర్వాత కార్మిక శాఖ ఆఫీసుకు రా.

బేతంచెర్ల మేస్త్రీ: డ్రైవరు రేపోమాపో లోడుతో చెన్నై పోతాడు సామీ, ఈ రాత్రికే పట్టుకో.